ఏడో గ్యాలరీ పంచనామా

మూతపడిన 52వ రోజు

ఒక చావు, ఒక విరిగిన వేలు, పదకొండు తలనొప్పులు.

పై గేటు మూసి యాభై రెండు రోజులైంది. నేలమీద ఎండ యాభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉందట. ఇంకో తొంభై రోజులకు గానీ గేటు తెరవరు. అంతదాకా ఐదు వందల మందిమి ఈ పాత బొగ్గుబావి సొరంగాల్లోనే, మా మాటలో గ్యాలరీల్లోనే, తినాలి, పడుకోవాలి, పోట్లాడుకోవాలి.

నేను దవాఖానా గుమాస్తాను. దవాఖానా అంటే ఒక పరీక్షపెట్టె, ఒక బల్ల, నేను. ఉన్న ఒక్క డాక్టరూ పోయి ఆరేళ్ళయింది. పెట్టె మనిషిని చూసి జబ్బు పేరు ఇంగ్లీషులో చెబుతుంది. విప్పి చూస్తే అది ఇంగ్లీషూ కాదు, గ్రీకు ముక్కలూ లాటిన్ ముక్కలూ కలిపి కుట్టిన బొంత. ఆ కుట్లు విప్పడమే మూడేళ్ళు కాలేజీలో నేర్చుకున్నాను. పెట్టె 'సెఫలాల్జియా' అంటుంది. కెఫలే అంటే తల, ఆల్గోస్ అంటే నొప్పి, రెండూ గ్రీకే. నేను తలనొప్పి అని చెబుతాను.

"అదే గద నేను జెప్పింది," అంటాడు వచ్చినవాడు.

ఈ రోజు పదకొండుసార్లు అనిపించుకున్నాను.

చావు మల్లవ్వది. ఏడో గ్యాలరీలో చిట్టచివరిదైన డెబ్భై రెండో మంచం, దాని తర్వాత పాత తవ్వకాలను మూసేసిన మూతగోడే. నిద్రలోనే పోయింది. పక్క మంచం వాళ్ళు తల పక్కకు తిప్పుకుని, తడుముకుంటూ ముసుగు కప్పేశారు. మా దగ్గర అదే పద్ధతి. ముప్పై ఏళ్ళ కిందట, జ్వరమొచ్చిన ఏడాది, శవాలను ముట్టుకున్న కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. అప్పటినుంచీ శవం ముఖం చూడకూడదు. చూసినవాళ్ళు నలభై రోజులు మొదటి అంతస్తులోని విడిబసలో ఉండాలి. పెట్టె కూడా ముసుగు మీదినుంచే చూస్తుంది. దాని తెర మీద మనిషి లోపలంతా బూడిదరంగులో కనబడుతుంది.

పంచనామాకు ఐదుగురు వచ్చి, శవానికి వీపుపెట్టి, తెర వైపు తిరిగి నిలబడ్డారు. పెట్టె 'కార్డియాక్ అరెస్ట్' అంది. కార్డియా గ్రీకు, గుండె. అరెస్ట్ లాటిన్‌లోంచి వచ్చింది, ఆగిపోవడం.

"గుండె ఆగింది," అన్నాను.

తెర మీద ఐదు బొటనవేళ్ళు పడ్డాయి. అందులో ఒకటి మా బావ రాజలింగుది. బయటికొచ్చాక నా చెవి దగ్గరికి వంగి, "మరదలా, గుండె ఆగకుంట సచ్చినోళ్ళెవలన్న ఉన్నరా మీ పుస్తకాలల్ల?" అన్నాడు.

లేరు. నాకు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు రాలేదు.

57వ రోజు

పంపుల దగ్గర పనిచేసే ఐలయ్య. ముప్పై నాలుగేళ్ళు. ఏడో గ్యాలరీ, డెబ్భయ్యో మంచం. నిద్రలో. పెట్టె అదే మాట అంది, నేనూ అదే మాట చెప్పాను.

తలనొప్పులు పంతొమ్మిది. మా భాగ్యక్కది కూడా అందులో రాశాను. అక్కకు ఎనిమిదో నెల. రెండు పూటలా వాంతులు, లేస్తే కళ్ళు తిరగడం. గాలి లాగే పెద్ద ఫ్యాను దగ్గర షిఫ్టుకు పోతే తగ్గుతుందట, వచ్చి పడుకుంటే మళ్ళీ మొదలట.

"కడుపుతోని ఉన్నోళ్ళకు గట్లనే ఉంటదే," అంది అక్క. "నువ్వు పుస్తకంల సూడకు. నీకింకా పెండ్లే కాలె."

ఏడో గ్యాలరీలో మంచాలు డెబ్భై రెండు, మనుషులు నూట నలభై. ఒకరు లేస్తే అదే మంచం మీద ఇంకొకరు పడుకుంటారు. అక్కదీ బావదీ డెబ్భై ఒకటి. ఒకరి షిఫ్టు అయ్యేసరికి ఇంకొకరిది మొదలు, దారిలో ఎదురైనప్పుడు మాట్లాడుకుంటారు.

"మంచం వెచ్చగుంటే మీ అక్క ఇప్పుడే లేసిపోయిందని తెలుస్తది," అన్నాడు బావ, నా బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ. "గదే మా కాపురం. ఈ మధ్యల మీ అక్క లేసి గంటైనా వెచ్చగనే ఉంటున్నది. నా మీద ప్రేమ, పావురం పెరిగినట్టున్నది."

"బల్ల దిగు బావా. రోగులు పడుకునేది."

"నేను రోగినే. గ్రీకుల ఏమంటరు, మరదలు తిడితె వచ్చే నొప్పిని?"

61వ రోజు

శవాలగది శుభ్రం చేసే వంతు నాది. తలుపు తుడుస్తుంటే మసి కింద అక్షరాలు బయటపడ్డాయి. ఆ తలుపు ఇక్కడిది కాదు. కిందికి దిగేటప్పుడు పైన పట్నంలో ఏదో పాత ఆసుపత్రినుంచి ఊడదీసుకొచ్చి బిగించారు. 'ఆటాప్సీ' అని రాసి ఉంది. రెండేళ్ళుగా రోజూ తోసుకుని పోతున్న తలుపు. పెట్టె ఏనాడూ ఆ మాట పలకలేదు కాబట్టి నేనూ దాన్ని విప్పలేదు.

ధాతువుల పుస్తకం తీశాను. గ్రీకు. ఆటోస్ అంటే తాను. ఆప్సిస్ అంటే చూపు. తానే చూడటం, తన కళ్ళతో. శవం అన్న ముక్క ఆ మాటలో లేదు. కోత అన్న ముక్కా లేదు. మన పెద్దవాళ్ళ నోట నలిగిన పోస్ట్‌మార్టమ్ లాటిన్, చావు తర్వాత అని అర్థం. లాటిన్ మాట ఎప్పుడు చూడాలో చెప్పి ఊరుకుంది. గ్రీకు మాట ఎవరు చూడాలో చెబుతోంది.

బావిలో ఎప్పుడో సర్దారుగా, అంటే పనిమేస్త్రీగా చేసిన పోశం తాతను అడిగాను. ఏడో గ్యాలరీ పంచనామాలన్నిటికీ మొదటి వేలు ఆయనదే.

"పైన ఉన్నప్పుడు డాక్టరు కోసి సూసెటోడు బిడ్డా. పంచనామాకు ఐదుగురు సుట్టు నిలవడి, మొఖం సూసి, ఒంటి మీద దెబ్బలు సూసి, సంతకం వెట్టెటోళ్ళు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గోడకు మొఖం వెట్టి వేలు వెడుతున్నం." ఆయన దగ్గి, ఉమ్మాడు. "మేం ఏం సూసినట్టే?"

నాకూ తెలియదు. ఇక్కడ కళ్ళకు పెద్దగా పనిలేదు. కరెంటు ఆదా చేయడానికి గ్యాలరీలన్నిటా గుడ్డి పసుపు బల్బులే. ఆ వెలుగులో ఎర్రచీర, నల్లచీర ఒకటే. తెల్ల వెలుగు ఇచ్చే టోపీ లైటు మా దగ్గర మొత్తం నాలుగుంటే, అందులో ఒకటి దవాఖానాది.

63వ రోజు

శారద. పందొమ్మిదేళ్ళు. మల్లవ్వ పోయాక ఖాళీ అయిన డెబ్భై రెండో మంచం తనకు వచ్చిందని సంతోషపడి, వారం కిందటే మూడో గ్యాలరీనుంచి మారింది. నిద్రలో. కార్డియాక్ అరెస్ట్.

పంచనామా వాళ్ళు వెళ్ళాక టోపీ లైటు వెలిగించుకుని శవాలగదిలో ఒక్కదాన్నే నిలబడ్డాను. ముసుగు అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ముసుగు కదిలితే తలుపు మీది బెల్లు మోగుతుంది, తీసి ఉన్నంతసేపూ లోపలికొచ్చిన ఒక్కొక్కరికీ మోగుతుంది. మోగగానే లోపల ఉన్నవాళ్ళ పేర్లు విడిబస జాబితాలోకి ఎక్కుతాయి. మేనేజరు కూడా తీసేయలేడు. నలభై రోజులు. అక్క కాన్పు ముప్పై రోజుల్లో. ఇక్కడ కాన్పు చూడటం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ముసుగు వదిలేశాను.

వదిలేసి మేనేజరు జగపతి సార్ దగ్గరికి పోయాను.

"పెట్టె ఏమన్నది?" అన్నాడు.

"గుండె అన్నది సార్. కానీ ముగ్గురూ చివరి మంచాలోళ్ళే. డెబ్భై రెండు, డెబ్భై, మళ్ళ డెబ్భై రెండు. శారద చిన్నపిల్ల."

ఆయన గోడ మీది దీపం చూపించాడు. గ్యాలరీలో ఆక్సిజన్ తగ్గితే అది ఎర్రబడాలి. పచ్చగా ఉంది. "గాలి మంచిగనే ఉన్నది. పెట్టెల కారణం లేకుంట నూట నలభై మందిని ఏడ వెట్టాలె? మొదటి అంతస్తు మొత్తం విడిబసకు రాసి పెట్టింది. రేపు జ్వరమొస్తె?"

"ఒక్కపారి ముసుగు తీసి చూస్తే..."

"మా అమ్మ మొఖం నేను సూసిన, ఓదెమ్మా." గొంతు పెంచలేదు. "ఆరేండ్లోన్ని. సూడొద్దంటే సూసిన, ముట్టొద్దంటే ముట్టిన. ఇంట్ల ఏడుగురం. నేను మిగిలిన. ముసుగు మాట నా ముందట తీయకు."

తలనొప్పులు ముప్పై ఒకటి. ఒక్క ఏడో గ్యాలరీలోనే.

64వ రోజు

అక్కను బలవంతంగా దవాఖానాకు తెచ్చుకున్నాను. బల్ల మీద పడుకుంది. ఇరుకు, ఎత్తు, రెండుసార్లు దొర్లిపడబోయింది. కానీ లేచాక వాంతి కాలేదు.

బావను కూడా రమ్మన్నాను. నేల మీద చాప వేస్తానన్నాను.

"ఇద్దరం లేస్తే మంచం పోతది," అన్నాడు. నిజమే. రెండు రోజులు ఖాళీగా ఉన్న మంచాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. "పిల్లగాడు పుట్టినంక ఏడ పండవెడ్తం? నీ బల్ల మీదనా? మీ అక్కను నువ్వు సూస్కో. మంచాన్ని నేను కాస్త."

"బావా, ఆ మంచం మంచిది కాదు."

"ఏందే, సదువుకున్నదానివి మంచానికి దయ్యం వట్టిందంటవా?"

నా దగ్గర మంచాల నంబర్లు తప్ప ఏమీ లేవు.

66వ రోజు, మొదటి షిఫ్టు

అక్క షిఫ్టు దిగి, చాయ్ తీసుకుని బావను లేపడానికి పోయింది. పావుగంటలో దవాఖానాకు వచ్చింది. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది, నిండుగా.

"ముసుగేసిన," అంది. "మొఖం సూడలె."

శవాలగదికి ఐదుగురు వచ్చారు. పోశం తాత, ఏడో గ్యాలరీవాళ్ళే ఇంకో ముగ్గురు, ఐదోది అక్క. ఇంటివాళ్ళు పంచనామాకు రావడం ఎక్కడా లేదు. వస్తానంది, ఎవరూ కాదనలేదు. ఐదుగురూ వీపు తిప్పారు. పెట్టె అదే మాట అంది.

నేను తెలుగులో చెప్పాలి. నాలుగోసారి ఆ మాట చెబితే అది అబద్ధమవుతుందని నాకు తెలుసు. మొదటి మూడుసార్లు చెప్పింది ఏమవుతుందో అదీ తెలుసు.

"తాతా, నువ్వడిగినవ్ గద, ఏం సూసినట్టని," అన్నాను. "ఈ తలుపు మీద రాసి ఉన్నది. ఎవరి కండ్లతోని వాళ్ళే సూడాలని. పెట్టెకు రంగు కనవడదు. నేను సూస్తా. ఇష్టం లేనోళ్ళు బయటికి పోండ్రి, బెల్లు మోగకముందే."

ఎవరూ కదల్లేదు. టోపీ లైటు వెలిగించి ముందుకు పోయాను. అక్క నా చెయ్యి పక్కకు తోసింది.

"నువ్వాగు. నా పెనిమిటి. నేనే తీస్త."

తీసింది. బెల్లు మోగింది.

నేను నీలం కోసం వెతికాను. ఊపిరి అందక, గుండె ఆగి పోయినవాళ్ళ పెదాలకు, గోళ్ళకు వచ్చే రంగు పేరు సయనోసిస్. క్యానోస్ అంటే గ్రీకులో ముదురు నీలం. కాలేజీలో పదిసార్లు రాసిన మాట. తెల్ల వెలుగు బావ ముఖం మీద పడింది. నీలం ఎక్కడా లేదు. పెదాలు తాంబూలం నమిలినట్టు ఎర్రగా ఉన్నాయి. గోళ్ళ కింద ఎరుపు. అరచేతులు ఎరుపు. చెవి వెనకనుంచి మెడ దాకా, చామనఛాయ కిందనుంచి దానిమ్మ గింజల రంగు తేలి ఉంది. నిద్రపోతున్నాడనడానికి కూడా లేదు. నిద్రలో ఎప్పుడూ ఇంత బాగుండేవాడు కాదు.

"పెండ్లినాడు గూడ ఇంత మంచిగ లేడే," అంది అక్క.

పోశం తాత దగ్గరికొచ్చి వంగి చూశాడు. "మా తాత జెప్పెటోడు. అగ్గివడ్డ బావిలకెల్లి మనుషుల్ని తీస్తె పెండ్లికొడుకుల లెక్క ఉండెటోళ్ళట, ఎర్రగ. అది బొగ్గు గ్యాసు బిడ్డా. మూతగోడ అవుతల బొగ్గు కాలుతున్నది. ఆ గ్యాసుకు రంగుండదు, వాసనుండదు. మనిషిని పండవెట్టి తీస్కపోతది."

"దీపం పచ్చగున్నది గద తాతా?" అన్నాడొకతను.

"దీపం ఆక్సిజన్‌నే సూస్తది. దీన్ని సూసే మిషిని కరాబై మూడేండ్లాయె."

మూతగోడ డెబ్భై రెండో మంచానికి బారెడు దూరం. అక్క లేచి గంటైనా వెచ్చగా ఉన్న మంచం. బావ చెప్పాడు. నేను బల్ల దిగమన్నాను.

66వ రోజు, రెండో షిఫ్టు

బెల్లు విని జగపతి సార్ వచ్చాడు. గుమ్మం బయటే, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. పోశం తాత చెప్పిందంతా విన్నాడు.

"మీ ఆరుగురు విడిబసకు పోవాలె," అన్నాడు.

"మిగిలినోళ్ళు?" అన్నాను. "ఇంకో గంటల సగంమంది పండుకుంటరు సార్ ఆ మంచాల మీద."

"గ్యాలరీ ఖాళీ చేయాలంటె పెట్టె మాట గావాలె. పెట్టె గుండె అన్నది. కారణం లేకుంట మొదటి అంతస్తు గేటు నాకు గూడ తెరుసుకోదు, తెలుసుగద."

తెలుసు. ఆయన అబద్ధమాడటం లేదు. భయపడుతున్నాడు, అంతే. అక్క బావ తల దగ్గర కింద కూర్చుని ఉంది. ముసుగు మళ్ళీ కప్పలేదు.

"సార్," అంది. "మొఖం సూసినోళ్ళందర్ని పైకి తోల్తది గద గేటు?"

"తోల్తది."

"ఎంతమందైనా?"

ఆయన గోడ వైపు తిరిగే తల ఊపాడు.

"అయితే అందర్ని సూడనియ్. తాతా, నువ్వు వొయ్యి పిలుసుకరా. మా ఆయినెను సూడ రమ్మను."

పోశం తాత పోయాడు. మొదట ఇద్దరు వచ్చారు. తర్వాత పదిమంది. తర్వాత సొరంగం పొడుగునా వరుస. ముప్పై ఏళ్ళుగా తల తిప్పుకోవడం అలవాటైన మెడలు కొందరికి అంత తేలికగా తిరగలేదు. ఒకామె రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది, మూడోసారి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. ఒక తల్లి ఏడాది పిల్ల ముఖాన్ని గడ్డం పట్టి ఇటు తిప్పింది. ఆ పిల్ల బావను గుర్తుపట్టి నవ్వింది. మంచాల మధ్య దాన్ని ఎత్తుకుని తిరిగేది బావే.

నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరికీ పెదాలు చూపించాను, గోళ్ళు చూపించాను. "ఎరుపు సూసిండ్రా? గ్యాసు. పొండ్రి పైకి." బెల్లు నూట ముప్పై నాలుగుసార్లు మోగింది. మొదటి అంతస్తు గేటు ఒక్కో పేరుకూ ఒక్కోసారి తెరుచుకుంది.

అందరూ అయిపోయాక అక్క ముసుగు కప్పింది. జగపతి సార్ ఇంకా గుమ్మం బయటే, గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆయన ఒక్కడే చూడలేదు. కానీ విడిబస నిండిపోయి, జనం నడవల్లో కూర్చుంటుంటే, దుప్పట్ల గదికి తాళం తీసింది ఆయనే.

69వ రోజు, విడిబస

చావులు లేవు. తలనొప్పులు లేవు.

ఇద్దరు ముక్కుకు గొట్టాలు పెట్టుకుని ఏడో గ్యాలరీకి పోయొచ్చారు. మూతగోడ మీద చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉందట. ఇంకో రెండు గోడలు కడుతున్నారు. జగపతి సార్ ఈ సంగతి కిటికీ కంతలోంచి చెప్పి, ఇంకేదో అనబోయి, పోయాడు.

పంచనామా కాగితం నా దగ్గరే ఉంది. కారణం గడిలో పెట్టె అచ్చు వేసిన మాట చెరపడానికి లేదు. వెనకవైపు తిప్పి, 'కళ్ళారా చూసినవాళ్ళు' అని తెలుగులో రాసి, నూట నలభై పేర్లూ రాశాను. పిల్లల పేర్లు కూడా. శారద పోయిన రోజే ముసుగు ఎత్తి ఉంటే మొదటి పేరు నాదే అయ్యేది, చూసినవాళ్ళలో బావ పేరు కూడా ఉండేది. ఇది ఎవరూ నాతో అనలేదు. అక్క కూడా అనలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

అక్క రెండు రోజులుగా ఏం తినడం లేదు. ఇందాక పిలిచి, మెల్లగా చెప్పింది.

"కదుల్తలేదే, ఓదీ. నిన్నటిసంది."

పరీక్షపెట్టె కింద దవాఖానాలో ఉంది. అడిగితే పంపుతారు. అడుగుతానని లేచాను.

"పెట్టె వద్దు," అంది. "అది ఏదో ఒక మాట అంటది, నువ్వు దాన్ని విప్పుకుంట కూసుంటవ్. నువ్వే సూడు. చెయ్యి వెట్టి సూడు."

గోడకు ఆనుకుని పక్కన కూర్చున్నాను. ఎడమ చెయ్యి అక్క కడుపు మీద ఉంది. కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఇంకా చెయ్యి తీయలేదు.